రెండు రూపాయల వడ్డీ

మా అత్తగారి ఊళ్లో వడ్డీని శాతాల్లో చెప్పరు, రూపాయల్లో చెబుతారు. నూటికి నెలకు రూపాయి, రూపాయిన్నర, రెండు రూపాయలు. నరసరావుపేట దగ్గర పత్తి, మిర్చి వేసే ఊరు అది. అక్కడ రూపాయి వడ్డీకి అప్పు పుడితే అదృష్టమే. ఎవరైనా రెండు రూపాయల వడ్డీకి తెచ్చారంటే ఆ ఇంటికి ఏదో గట్టి కష్టం వచ్చిందని ఊరంతటికీ అర్థమైపోతుంది. ఇక్కడ అమెరికాలో క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్ మీద 24.99 శాతం ఏపీఆర్ అని ఉంటే మాత్రం ఎవరికీ గుండె ఝల్లుమనదు. లెక్క కడితే అది నూటికి నెలకు రెండు రూపాయల ఎనిమిది పైసలు. మా ఊరి లెక్కలో భయపడాల్సిన వడ్డీ.

2023 మార్చిలో మా ఇంటి అప్పు 53 వేల డాలర్ల పైచిలుకు. నగలు కొన్నందుకో, విహారయాత్రలకు వెళ్లినందుకో అయిన అప్పు కాదు. 2022 నవంబరులో మా రెండో పాప నెలలు నిండకుండా పుట్టింది. 16 రోజులు ఎన్ఐసీయూలో ఉంచారు. జనవరిలో మావారి ఉద్యోగం పోయింది. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే గడువు 60 రోజులు. ఆ లోపు ఇంకో కంపెనీ పిటిషన్ వేయకపోతే సామాను సర్దుకోవాల్సిందే. రెండు నెలల పసిబిడ్డకు ఇన్సూరెన్స్ లేకుండా ఉండలేం కాబట్టి కోబ్రా తీసుకున్నాం. అంటే పాత ఇన్సూరెన్సే, కానీ కంపెనీ కట్టే వాటా కూడా మనమే కట్టుకోవాలి. జీతం లేని ఆ రెండు నెలలూ అద్దె, ప్రీమియం, సరుకులు, మందులు అన్నీ కార్డుల మీదే నడిచాయి. మార్చిలో తక్కువ జీతానికి కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. దాంతో కొత్త ఇన్సూరెన్స్ వచ్చింది, డిడక్టిబుల్ మళ్లీ సున్నా నుంచి మొదలైంది. నవంబరులో ఒకటి, జనవరిలో కొత్త సంవత్సరానిది ఒకటి, మార్చిలో ఇంకోటి. అయిదు నెలల్లో మూడు డిడక్టిబుళ్లు.

కార్డులన్నీ మావారి పేరు మీద ఉన్నవే. బిల్లులు ఆయన ఈమెయిల్‌కే వచ్చేవి. నేను హెచ్4. పసిబిడ్డతో ఉన్నానని, నన్ను కంగారు పెట్టకూడదని ఆయన వివరాలు చెప్పలేదు. రాత్రిళ్లు ఆయనకు నిద్ర పట్టడం లేదన్నది మాత్రం నాకు తెలుస్తూనే ఉంది. ఒక ఆదివారం, పిల్లలిద్దరూ పడుకున్నాక, "ఎంతైనా సరే, అన్నీ ఒక కాగితం మీద రాయండి. నాకూ తెలియాలి" అన్నాను. ఆయన రాశారు.

పెద్ద కార్డు 11,800. రెండో కార్డు 7,400. ఒక స్టోర్ కార్డు 2,150. ఆసుపత్రికి 6,900. కారు లోను 14,300. ఇండియాలో ఆయన ఎమ్మెస్ చదువుకు తీసుకున్న బ్యాంకు లోను ఇంకా 9 లక్షల రూపాయలు, అంటే అప్పటి లెక్కన సుమారు 11,000 డాలర్లు.

పక్కన నేను వడ్డీలు రాశాను, మా అత్తయ్య భాషలో. స్టోర్ కార్డు రెండున్నర రూపాయలు. పెద్ద కార్డు రెండు రూపాయల ఎనిమిది పైసలు. రెండోది రెండు రూపాయలకు కాస్త తక్కువ. ఇండియా లోను రూపాయి లోపు. కారు అర్ధరూపాయి. ఆసుపత్రికి వడ్డీ లేదు. అలా రాసేసరికి ఏది మమ్మల్ని తినేస్తోందో కళ్లకు కట్టింది. మూడు కార్డులకు నెలకు వడ్డీయే 440 డాలర్లు. ఆ డబ్బుతో మా నలుగురికి నెల సరుకులు దాదాపుగా వచ్చేవి.

మీ దగ్గర కార్డు స్టేట్‌మెంట్ ఉంటే ఒకసారి తీసి చూడండి. అందులో ఒక చిన్న పట్టిక ఉంటుంది. 2009లో వచ్చిన కార్డ్ యాక్ట్ ప్రకారం బ్యాంకులు అది వేయాలి. మినిమమ్ మాత్రమే కడుతూ పోతే అప్పు ఎన్నేళ్లకు తీరుతుందో, 36 నెలల్లో తీరాలంటే నెలకు ఎంత కట్టాలో అందులో ఉంటుంది. మా పెద్ద కార్డుకు మినిమమ్ కడితే దాదాపు 23 ఏళ్లు, 11,800కు మొత్తం 34 వేల పైనే. 36 నెలల్లో తీరాలంటే నెలకు 469. 23 ఏళ్లంటే ఉయ్యాల్లో ఉన్న మా పాప డిగ్రీ కూడా అయిపోతుంది.

ఇక ఏది ముందు తీర్చాలన్న దగ్గర మా ఇద్దరికీ మాట కలవలేదు. మావారికి ఇండియా లోను ముందు తీరాలని. ఆ లోనుకు మావయ్యగారి ఇంటి కాగితాలు బ్యాంకులో ఉన్నాయి. "నాన్న ఇల్లు నా చదువు కోసం తాకట్టులో ఉంది. అది విడిపించాక మిగతావి" అంటారాయన. లెక్క ప్రకారం అది తప్పని తెలుసు, కానీ ఆ మాట లెక్కతో అన్న మాట కాదు కదా. నేనేం చెప్పినా మామగారి ఇంటి మీద నాకు పట్టింపు లేనట్టు ఉంటుంది. వారం రోజులు ఆ విషయం ఎత్తకుండా తిరిగాం.

చివరికి అత్తయ్యకు చెబుదామని నేనే అన్నాను. ఆయన వద్దన్నారు. "అమెరికాలో ఉండి అప్పులేంటని ఊళ్లో అనుకుంటారు. అమ్మ కుమిలిపోతుంది" అన్నారు. రెండు రోజులు ఆలోచించుకుని ఆయనే ఫోన్ కలిపి నా చేతికిచ్చారు. అంతా చెప్పాను, రూపాయల్లోనే.

అత్తయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగిన మొదటి మాట, "రెండు రూపాయల వడ్డీకి ఎవరిచ్చారమ్మాయ్ మీకు, అంత పెద్ద దేశంలో?"

"బ్యాంకులే అత్తయ్యా. మినిమమ్ అని కొంచెం కట్టించుకుంటారు, అసలు అలాగే ఉంటుంది."

"ఓహో, నోటు తిరగరాయడమన్నమాట."

మా వైపు ప్రోనోటు మీద అప్పు తీసుకుంటే మూడేళ్లకు ఆ నోటుకు కాలదోషం పడుతుంది. ఆ లోపు తీర్చలేకపోతే వడ్డీ కలిపి కొత్త నోటు రాస్తారు. అలా రాసుకుంటూ పోతే అసలు పెరగడమే తప్ప తరగదు. పత్తి పోయిన ఏళ్లలో మా అత్తమామలు అలాగే రెండుసార్లు తిరగరాశారట. ఆ సంగతి మావారికి ఆ రోజు దాకా తెలియదు. పిల్లాడు చదువుకుంటున్నాడని చెప్పలేదట.

"ఇంటి కాగితాలకు ఏమవుద్ది? బ్యాంకు బీరువాలో భద్రంగానే ఉంటాయి. నెలనెలా కిస్తీ ఆగకుండా చూడండి చాలు. ముందు రెండు రూపాయలది వదిలించుకోండి. అబ్బాయికి నేను చెప్పానని చెప్పు" అంది. స్పీకర్‌లో ఆయన వింటూనే ఉన్నారు. ఆ రాత్రి ఆయన నిద్రపోయారు.

ఇక ఏం చేశామో వరుసగా చెబుతాను. మాకు ఉన్నవి రెండు కార్లు. లోను లేని పాతది 4,200కు అమ్మేశాం. స్టోర్ కార్డు మొత్తం తీరిపోయింది, మిగిలిన 2,050 అత్యవసరానికని బ్యాంకులో పెట్టాం. చేతిలో ఏమీ లేకుండా అప్పు తీరిస్తే, టైరు పేలిన రోజున మళ్లీ కార్డే తీయాల్సి వస్తుంది.

ఆసుపత్రికి ముందు ఐటమైజ్డ్ బిల్లు పంపమని రాశాను. తర్వాత ఫైనాన్షియల్ అసిస్టెన్స్ దరఖాస్తు అడిగాను. 2010 నాటి ఆరోగ్య చట్టం ప్రకారం పన్ను మినహాయింపు ఉన్న నాన్-ప్రాఫిట్ ఆసుపత్రులకు ఇలాంటి సాయం గురించి రాతపూర్వకమైన విధానం ఉండాలి. మొదటి బిల్లు వచ్చిన రోజు నుంచి కనీసం 240 రోజుల వరకు దరఖాస్తు తీసుకోవాలి. ఆదాయం ఎంత ఉంటే ఎంత తగ్గిస్తారన్నది ఒక్కో ఆసుపత్రిలో ఒక్కో తీరు. గ్రీన్ కార్డుకు అడ్డమవుతుందేమోనని మావారు భయపడితే, మా ఇమిగ్రేషన్ లాయరును అడిగి, ఫరవాలేదన్నాకే సంతకం పెట్టాం. రెండు నెలల జీతం లేని కాగితాలు చూసి బిల్లు సగం చేశారు. 3,450. నెలకు 115 చొప్పున 30 నెలలు, వడ్డీ లేకుండా.

కార్డుల కోసం లాభాపేక్ష లేని ఒక క్రెడిట్ కౌన్సెలింగ్ సంస్థను పట్టుకున్నాం. ఇలాంటి సంస్థలకు నేషనల్ ఫౌండేషన్ ఫర్ క్రెడిట్ కౌన్సెలింగ్ అని 1951 నుంచి ఒక సమాఖ్య ఉంది, దాని ద్వారా వెతుక్కోవచ్చు. వాళ్లు బ్యాంకులతో మాట్లాడి వడ్డీ తగ్గించే పథకం ఒకటి కడతారు, డెట్ మేనేజ్‌మెంట్ ప్లాన్ అంటారు. అసలు తగ్గదు, మొత్తం కట్టాల్సిందే. మా రెండు కార్డుల వడ్డీ సగటున 8 శాతానికి దిగింది. రెండు రూపాయలది ముప్పావలాకు కూడా తక్కువైంది! అంతకుముందు మినిమమ్‌లే 580 అయ్యేవి. కొత్త లెక్కలో నెలకు సుమారు 470, పైన సంస్థ రుసుము 30 దాకా, నాలుగేళ్లలో అప్పు ముగుస్తుంది. బదులుగా ఆ కార్డులు మూసేశారు. క్రెడిట్ స్కోరు కొంత పడింది. ఇల్లు కొనే ఆలోచన వాయిదా పడింది.

ఇదే సమయంలో ఇంకో రకం ఫోన్లు వస్తాయి. "కార్డులు కట్టడం ఆపేయండి, సగం మాఫీ చేయిస్తాం" అని. అవి డెట్ సెటిల్‌మెంట్ కంపెనీలు. కట్టడం ఆపేస్తే వడ్డీ, జరిమానాలు పెరుగుతాయి, బ్యాంకు కోర్టుకు వెళ్లొచ్చు, మాఫీ అయిన మొత్తాన్ని సాధారణంగా ఆదాయంగా చూపించి పన్ను కట్టాలి. పని జరగకముందే ఫీజు అడిగితే ఫోన్ పెట్టేయండి. ఫోన్లో ఇలాంటి సేవ అమ్మేవాళ్లు ముందుగా ఫీజు తీసుకోకూడదని 2010 నుంచి నిబంధన ఉంది.

చెప్పినంత సులువుగా రోజులు గడవలేదు. టెక్సస్‌లో ఒకే కారుతో, ఇద్దరు పిల్లలతో ఇంట్లో ఉండటం ఎలా ఉంటుందో ఉన్నవాళ్లకు తెలుసు. స్ట్రోలర్ తోసుకుంటూ లైబ్రరీ వరకే నా ప్రపంచం. సంపాదిద్దామంటే నాకు వర్క్ పర్మిట్ లేదు. హెచ్4 వాళ్లకు 2015 నుంచి ఈఏడీ ఇస్తున్నా, సాధారణంగా భర్త ఐ-140 ఆమోదమై ఉండాలి. మాది ఇంకా వేయనే లేదు. స్వీట్లు, పచ్చళ్లు చేసి అమ్మమని చాలామంది సలహా ఇచ్చారు. వీసాకు ముప్పు తెచ్చుకునే ధైర్యం నాకు లేదు. కాబట్టి నా ఉద్యోగం లెక్కలు చూడటమే అనుకున్నాను. ప్రతి నెలా అయిదో తారీఖున, పిల్లలు పడుకున్నాక, ఇద్దరం నోటుపుస్తకం ముందు కూర్చునేవాళ్లం. మిగిలింది ఎంతైనా, 20 డాలర్లైనా, కార్డుల ప్లానుకే. నెలకు 470 కట్టాల్సిన చోట సగటున 700 కట్టగలిగాం.

2024 మాఘమాసంలో మా చెల్లి పెళ్లికి వెళ్లలేదు. నాకూ పిల్లలకూ టికెట్లంటే దాదాపు ఏడు నెలల కార్డు డబ్బు. తలంబ్రాలు ఫోన్లో చూశాను, మధ్యలో రెండుసార్లు సిగ్నల్ పోయింది. చెల్లికి కారణం ముందే చెప్పాను. "అక్కా, నువ్వు వచ్చి అప్పు చేశావంటే నాకింకా బాధగా ఉండేది" అంది. దానికి తెలుసు కాబట్టి మా మధ్య పొరపొచ్చం రాలేదు. చెప్పకపోయి ఉంటే, రాలేదన్న మాట జన్మంతా మిగిలేది.

ఇక్కడి స్నేహితులకూ చెప్పేశాను. పుట్టినరోజులకు పిల్లలు చేసిన కార్డు, నేను చేసిన గులాబ్‌జామ్ తెస్తానని, వరలక్ష్మీ వ్రతానికి తాంబూలం మాత్రమే ఇస్తానని. మొదటిసారి అనేటప్పుడు గొంతు పెగల్లేదు. మరుసటి వారం ఇద్దరు విడివిడిగా ఫోన్ చేసి, తమ ఇంట్లో కార్డుల లెక్క ఎంతో తమకు తెలియదని, ఎలా అడగాలో చెప్పమని అన్నారు. వాళ్లిద్దరిలో ఒకరికి మంచి ఉద్యోగం ఉంది.

2025 అక్టోబరులో ఆసుపత్రి బాకీ, నవంబరులో కార్డులు తీరిపోయాయి. నాలుగేళ్లది 31 నెలలు పట్టింది. కారు లోను చివరికొచ్చింది. ఇండియా లోను ఆగకుండా కడుతూ వచ్చాం, ఇంకా ఆరున్నర లక్షలు ఉంది. ఇప్పుడు కార్డులకూ ఆసుపత్రికీ వెళ్లిన డబ్బంతా దానికి పంపుతున్నాం. ఈ లెక్కన ఏడాది లోపే మావయ్యగారి ఇంటి కాగితాలు ఇంటికొస్తాయి. తేవడానికి మావారే వెళ్లాలని అత్తయ్య పట్టు.

మీ ఇంట్లో అప్పు ఎవరి పేరు మీద ఉన్నా, దాని కింద బతికేది ఇద్దరూ. సంపాదన లేనివాళ్లకు లెక్క అడిగే హక్కు లేదని మనలో చాలామంది అనుకుంటాం. అడగండి. అన్నీ ఒక కాగితం మీద రాయించండి. పక్కన వడ్డీ మీకు అర్థమయ్యే భాషలో మీరే రాయండి. పన్నెండుతో భాగిస్తే చాలు, రూపాయల్లోకి వచ్చేస్తుంది.