చెట్టు పేరు చెప్పగలరా?

తునికి, ఇప్ప, మోదుగ, మారేడు. ఈ చెట్లను మీరు చూడగానే గుర్తుపడతారు. వీటి పేర్లు మీకు ఎవరు నేర్పారు? బహుశా ఏ బడిలోనూ నేర్చుకొని ఉండరు. అమ్మ వెంట కట్టెలకు వెళ్లినప్పుడో, పశువులు కాసేటప్పుడో వచ్చి ఉంటాయి. అలా వచ్చినదాన్ని మనం చదువు అనుకోము. అది సరైనదేనా?

నేను పని మీద రాయ్‌పూర్ వెళ్లినప్పుడు పండిత రవిశంకర్ శుక్ల విశ్వవిద్యాలయంలోని వృక్షశాస్త్ర ఉద్యానవనం చూశాను. ఈ విశ్వవిద్యాలయం 1964లో ఏర్పడింది. ఉద్యానవనం అనగానే పూలతోట అనుకోకండి. ఇది మొక్కల గ్రంథాలయం వంటిది. పుస్తకంలో చదివిన మొక్కను విద్యార్థులు ఇక్కడ ఆకు పట్టుకొని, బెరడు తాకి తెలుసుకుంటారు.

అక్కడ తునికి చెట్టు ముందు ఆగాను. తెలంగాణలో బీడీలు చుట్టే అక్కచెల్లెళ్లకు ఈ ఆకు గురించి వేరే చెప్పనక్కరలేదు. ఛత్తీస్‌గఢ్‌లో దీన్ని తేందూ అంటారు. అక్కడి అడవి పల్లెల్లో వేసవి వస్తే ఈ ఆకు కోత ఎందరికో కూలి.

ఒకే చెట్టుకు ఒక్కో చోట ఒక్కో పేరుంటే శాస్త్రజ్ఞులు ఎలా మాట్లాడుకోవాలి? అందుకే ప్రతి మొక్కకూ రెండు పదాల శాస్త్రీయ నామం ఉంటుంది. స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో ఈ పద్ధతిని స్థిరపరిచాడు. తునికి శాస్త్రీయ నామం డయోస్పైరాస్ మెలనోజైలాన్. మెలనోజైలాన్ అంటే నల్లని కొయ్య.

ఈ పేరు పెట్టినవాడు విలియం రాక్స్‌బర్గ్. ఆయన 18వ శతాబ్దం చివరలో మన సామర్లకోటలో ఉండి మొక్కలను పరిశీలించాడు. తన గ్రంథంలో వాటి తెలుగు పేర్లు కూడా రాశాడు. ఆ చెట్ల మధ్య బతికినవాళ్లు చెప్పబట్టే ఆ పేర్లు పుస్తకానికి ఎక్కాయి.

వాటిలో ఒక మాట మరింత దూరం వెళ్లింది. సోమిద అనే చెట్టు ఉంది. దాని బెరడును ఒకప్పుడు జ్వరానికి వాడేవారు. దాని శాస్త్రీయ నామం సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. మొదటి పదం మన సోమిదే. రెండో పదానికి జ్వరాన్ని పోగొట్టేది అని అర్థం. ఏ దేశంవారు ఆ చెట్టును గురించి రాసినా తెలుగు మాట రాయక తప్పదు.

కాబట్టి మీకు తెలిసిన పేరును తక్కువగా చూడకండి. అది చదువులో ఒక భాగం. రెండో భాగం పుస్తకంలో ఉంది. మీకు దగ్గరలోని కళాశాలలో ఇటువంటి తోట ఉంటే అనుమతి అడిగి చూడండి. తెలిసిన చెట్టు దగ్గర ఆగి, పేరు పలక చదవండి. పలక మీద ఉన్నది నేర్చుకోండి. ఆకు ఎప్పుడు కోస్తారు, కాయ ఎప్పుడు పండుతుంది వంటివి పలక మీద ఉండవు. అవి మీ నోటుపుస్తకంలో మీరే రాయండి.