నీళ్లు తాగే బండి

మా మామూజాన్ బండి టాటా 407. కంపెనీ వాళ్లు ఈ రకం బండిని 1986లో తెచ్చారు. మామూ దగ్గరున్నది పాత మోడల్: నాలుగు సిలిండర్లు, 2956 సీసీ డీజిల్ ఇంజన్. కవాడిగూడలో మా గల్లీ మొగదల నిలబెట్టుకుని, పొద్దున్నే రాణీగంజ్ పోయి మోటర్లు, పైపులు ఎక్కించుకుని ఊళ్లకు తీసుకెళ్తాడు. ఇంటిల్లిపాది రోజీ అదే.

రంజాన్‌కు నెల ముందు ఆ బండికి దాహం పట్టుకుంది. రోజుకు రెండు లీటర్ల నీళ్లు పోసినా మర్నాటికి రేడియేటర్ ఖాళీ. కింద అట్టముక్క పరిచి చూశాం, ఒక్క చుక్క లేదు. "పానీ కాఁ జారా మియాఁ?" అని మామూ ఒకటే ఫికర్. ఎవరో రేడియేటర్‌లో హల్దీ వెయ్యమన్నారు. చిన్న లీకులకు మన డ్రైవర్లు చేసే పాత ఇలాజే అది. ముమానీ మాత్రం "హల్దీ సాలన్‌లోకి, ఇంజన్‌లోకి కాదు" అని డబ్బా దాచేసింది.

మొదట చూపించిన మెకానిక్ పైపైన చూసి, ఇంజన్ పోయింది, సెకండ్ హ్యాండ్‌ది వేయించుకోమన్నాడు. అంత డబ్బు కావాలంటే ఫైనాన్స్ గడప తొక్కాలి. బండి కొన్నప్పుడే సూద్ వద్దని, తమ్ముడి దగ్గర కర్జె హసనా తీసుకున్న మనిషి మామూ. ఆ కర్జా తీరలేదింకా. పైగా షవ్వాల్‌లో కూతురి నికాహ్. ముసల్లా మీద ఆయన దువా రోజురోజుకూ పొడుగవుతోంది.

ముషీరాబాద్ వైపున్న ఒక పెద్ద వయసు ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్దామన్నాను. ఆయన ఫజర్ తర్వాత, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే తెమ్మన్నాడు. వేడి మీద మూత తీస్తే మొహం కాలుతుంది. మూత తీసి, షాగిర్ద్‌తో బండి స్టార్ట్ చేయించాడు. నీళ్లలో బుడగలు! ఇంకా వేడెక్కని నీళ్లు మరిగినట్టు బుడబుడలాడుతున్నాయి. వెనక పొగ తెల్లగా. పై గొట్టం రెండు నిమిషాలకే రాయిలా బిగిసింది. తర్వాత డిప్‌స్టిక్ తీశాడు. ఆయిల్‌లో నీళ్లు కలిస్తే పాలు పోసిన చాయ్ రంగులో ఉంటుంది. ఇది నల్లగానే ఉంది. "షుకర్ కరో భాయ్, బేరింగులు బచాయించినయి. హెడ్ గాస్కెట్ ఒక్కటే పోయింది."

డీజిల్ ఇంజన్‌కు ప్లగ్గుండదు. గాలిని అదిమి అదిమి ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఆ జోర్‌నంతా ఆపుతూ, మంట, నీళ్లు, ఆయిల్ ఒకదాంట్లో ఒకటి కలవకుండా చూసేది హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే ఆ పల్చటి గాస్కెట్టే. హెడ్ విప్పితే మూడో సిలిండర్ దగ్గర, నీళ్ల రంధ్రం వైపు అది కాలిపోయి ఉంది. మిగతా పిస్టన్లు మసిబారితే అదొక్కటి ఆవిరికి కడిగినట్టు మెరుస్తోంది. తాగిన నీళ్లన్నీ అక్కడే!

మామూ కొత్త గాస్కెట్ కోసం లేవబోతే ఉస్తాద్ ఆపాడు. "గాస్కెట్‌ది కసూర్ కాదు భాయ్. సజా దానికి పడ్డది." రేడియేటర్ విప్పి చూపించాడు. బోరు నీళ్ల సున్నం పేరుకుని సగం గొట్టాలు మూసుకుపోయాయి. అందుకే ఇంజన్ వేడెక్కి హెడ్ వంగింది. హెడ్ మీద ఉక్కు స్కేలు నిలబెట్టి, సందులో ఫీలర్ గేజ్ ఆకు దూర్చితే సాఫీగా దూరిపోయింది. పగుళ్లు లేవని పరీక్ష చేయించి, లేత్ షాపులో ఫేసింగ్ కొట్టించాం. రేడియేటర్‌కు రాడింగ్.

బిగించేటప్పుడు షాగిర్ద్ ఒక మూల బోల్టు పట్టుకున్నాడు. ఉస్తాద్ చెయ్యి ఆపాడు. నడిమి నుంచి బయటికి, టార్క్ రెంచీతో, ఒకేసారి కాకుండా విడతలుగా. "తర్తీబ్ బేటా! రుకూ కాకుండా సజ్దాకు పోతావా?"

రెండో రోజు జొహర్ నమాజ్ చేసి వచ్చి స్టార్ట్ చేశాం. బుడగలు లేవు. మొత్తం ఖర్చు ఆ సెకండ్ హ్యాండ్ ఇంజన్‌కు చెప్పిన దాంట్లో నాలుగో వంతు కూడా కాలేదు, అల్‌హమ్దులిల్లాహ్. బోరు నీళ్లు మళ్లీ పోయొద్దని, కూలెంట్ పోసి పంపాడు ఉస్తాద్. టాపెట్లు ఒకసారి చూడాలి, ఈద్‌కు ముందు మళ్లీ తెమ్మన్నాడు.