బడికి డోలు రావాలి

జివతి గుట్టల మీద ఒకే ఊళ్లో రెండు సర్కారు బళ్లు కనిపిస్తాయి. ఒకదాంట్లో మరాఠీ, ఇంకోదాంట్లో తెలుగు. పరందోలి, ముకదంగూడ, మహారాజ్‌గూడ వంటి 14 ఊళ్లను మహారాష్ట్ర చంద్రాపూర్ జిల్లా జివతి తాలూకా అంటుంది, తెలంగాణ కెరమెరి మండలం అంటుంది. అక్కడి జనానికి ఇటూ ఓటుంది, అటూ ఓటుంది. 1956 వరకూ ఈ జివతి ప్రాంతం ఉన్న రాజురా తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. రాష్ట్రాలను విడదీసినప్పుడు గీసిన గీత ఈ గుట్టల దగ్గరికొచ్చి తడబడింది, ఇప్పటికీ తేలలేదు.

పిల్లల సంగతి వేరు. ఇళ్లల్లో చాలామంది మాట్లాడేది గోండి, కొలామి, లంబాడీ. ఒకటో తరగతిలో కూచున్న పిల్లవాడికి తెలుగు పలకా కొత్తే, మరాఠీ పలకా కొత్తే. సారు అడిగితే నోరు పెగలదు. అదే పిల్లవాడు దీపావళి రోజుల్లో గూడెంలో గోండుల దండారి ఆటపాటలు మొదలైతే డోలు దెబ్బకు తప్పకుండా అడుగేస్తాడు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ తిరగాలో వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. బళ్లో మందకొడి అనిపించుకున్నవాడు అక్కడ అందరికన్నా చురుకు. ఆ చురుకును బడి వాడుకోకపోవడం నాకు పెద్ద నష్టంగా కనిపిస్తుంది.

వార్షికోత్సవం వస్తే చాలా బళ్లలో జరిగేది ఒకటే. పెన్‌డ్రైవ్‌లో సినిమా పాట పెడతారు, పిల్లలు సెల్‌ఫోన్ చూసి స్టెప్పులు నేర్చుకుంటారు. తప్పు పట్టను, పిల్లలకు అదీ సంబరమే. కానీ ఆ పాటలో వాళ్లు కట్టింది ఏదీ లేదు. బయటినుంచి ఒక కళాకారుడు వచ్చి పిల్లలతో కలిసి ఒక ప్రదర్శన తయారు చేయడమంటే మనకు వెంటనే హైదరాబాద్ నుంచో నాగపూర్ నుంచో దిగే మనిషి గుర్తొస్తాడు. అంత దూరం చూడక్కర్లేదు. గీతకు ఇవతల, జైనూరు మండలం మార్లవాయిలో కనకరాజు బతికి చూపించారు.

దండారిలో ఆడే గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజు మార్లవాయి ఆశ్రమ పాఠశాలలో దినవేతనం మీద వంట చేసిన మనిషి. ఇందిరాగాంధీ ప్రధానిగా ఉన్న రోజుల్లో ఢిల్లీ వెళ్లి గణతంత్ర వేడుకల్లో ఆడి వచ్చారు. వచ్చాక ఊళ్లోనే ఉండి ఏళ్ల తరబడి పిల్లలకూ కుర్రాళ్లకూ గుస్సాడీ నేర్పారు. 2024 అక్టోబరులో, దండారి రోజులు దగ్గరపడిన వేళ, కన్నుమూశారు. బడి వంటింట్లో గరిటె తిప్పిన చెయ్యే గుస్సాడీకి గురువు చెయ్యి కావడం ఈ గుట్టల్లో వింత కాదు. కళ ఇక్కడ చాలామందికి వేరే వృత్తి కాదు మరి. దుక్కి దున్నేవాడే డోలు కొడతాడు, పత్తి ఏరే ఆవిడే పాటందుకుంటుంది.

అలాంటి మనిషి బడికొస్తే ఏం జరుగుతుందో దగ్గరగా చూడాలి. డోలు రాగానే వాయించరు. చెమ్మకు తోలు వదులైతే శబ్దం మొద్దుబారుతుంది. నిప్పుసెగ దగ్గర పెట్టి, వేలితో తట్టి, చెవి ఒగ్గి వింటారు. మళ్లీ తిప్పి పెడతారు. ఖంగుమనే దాకా ఆ పని సాగుతూనే ఉంటుంది. చుట్టూ చేరిన పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు. ఎండకూ వానకూ తోలు ఎలా మారుతుందో చెప్పే సైన్సు పాఠం ఇంతకన్నా బాగా ఎక్కడ దొరుకుతుంది? తర్వాత దెబ్బలు. పెద్దాయన ఒక వరస కొడతాడు, పిల్లలు బెంచీల మీద తిరిగి కొడతారు. తప్పిపోతే తిట్టడు, మళ్లీ కొట్టి వినిపిస్తాడు. డోలు, తుడుం, పెప్రే, కాలికోం వాద్యాలు ఒక్కోటి వచ్చి చేరుతుంటే ఎవరి వంతు ఎప్పుడో కనిపెట్టుకుని ఉండక తప్పదు. పక్కవాణ్ణి వినకుండా ఈ సంగీతం కుదరదు.

బయటి డాన్సు మాస్టారికి తెలియనిది ఇంకోటుంది. గుస్సాడీ వేషం దీక్ష. నెమలి ఈకల టోపీ పెట్టుకున్నవాడి మీద దేవుడు ఉంటాడని నమ్మకం. దండారి ముగిసేదాకా గుస్సాడీలు స్నానం చెయ్యరు. అందులో వేదిక మీదికి ఏది రావచ్చో, ఏది గూడెం దాటకూడదో చెప్పవలసింది ఊరి పెద్దలే. అందుకే ఈ పని వేషాలు అద్దెకు తెచ్చి చేయించేది కాదు. పిల్లలు తమ బడి మీద, తమ వాగు మీద, రెండు రాష్ట్రాల మధ్య తమ ఊరి మీద సొంత పాట కట్టుకుని, డోలు వరసను పెద్దల దగ్గర నేర్చుకుని పాడితే దీక్షకు మచ్చ రాదు, పాట కూడా వాళ్లదే అవుతుంది.

హంగరీలో జోల్తాన్ కొదాయ్ అనే స్వరకర్త ఇదే పట్టుబట్టాడు. పిల్లవాడి మొదటి సంగీతం తన మాతృభాషలోని జానపద పాటే కావాలన్నాడు. ఆయన సొంతూరు కెచ్కెమేట్‌లో 1950లో రోజూ పాట నేర్పే ప్రాథమిక పాఠశాల మొదలైంది. ఆ పద్ధతి దేశదేశాలకు పాకింది. మన దగ్గరా 1940లలోనే మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ మార్లవాయిలో గోండి వాచకాలు తయారు చేయించి, గోండు కుర్రాళ్లకు పంతుళ్లుగా శిక్షణ ఇప్పించారు. దారి కొత్తది కాదు, మధ్యలో గడ్డి మొలిచింది.

ప్రధాన్, తోటి కుటుంబాల కిక్రి మాట కూడా చెప్పాలి. మూడు తీగల ఆ వాద్యం మీద కమాను ఆడిస్తూ గోండుల వంశగాథలన్నీ పాడినవాళ్లు వాళ్లే. డోలుకు గుంపు దొరుకుతుంది, కిక్రికి దొరకదు. పక్కన కూచుని ఏళ్లు వినే శిష్యుడు లేకపోతే గాథ, వాద్యం రెండూ ఒకే మనిషితో వెళ్లిపోతాయి. నాకు డోలు కన్నా కిక్రి గురించే ఎక్కువ బెంగ.

పుష్యమాసంలో జంగుబాయి అమ్మవారి గుహ దగ్గరికి రెండు రాష్ట్రాల గోండులు, ప్రధాన్లు, కొలాములు బండ్లు కట్టుకుని వస్తారు. అమ్మవారి ముందు సరిహద్దు లేదు. మరాఠీ బడి పిల్లలూ తెలుగు బడి పిల్లలూ కలిసి ఒక్క ప్రదర్శన తయారు చేయడానికి అంతకన్నా మంచి వేళ దొరకదు.

2020 జాతీయ విద్యా విధానం స్థానిక కళాకారులను బళ్లలోకి బోధకులుగా తీసుకోవచ్చని రాసింది, ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకూ పది రోజులు సంచీ లేని బడి ఉండాలనీ రాసింది. ఆ పది రోజులను డోలుకూ కిక్రికీ ఇవ్వండి. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవాన, జనవరి 26న మాత్రం పిలిచి శాలువా కప్పి పంపేయకండి. వచ్చిన పెద్దాయనకు కూలి పోగొట్టుకోకుండా రోజుకింత అని చేతిలో పెట్టండి, హాజరు పట్టీలో ఆయన పేరు రాయండి. ఉట్నూరు ఐటీడీఏ అధికారులకూ, చంద్రాపూర్ జిల్లా పరిషత్తుకూ, ఆ రెండు బళ్ల హెడ్మాస్టర్లకూ నా విన్నపం ఇదే. కిక్రి పట్టే ముసలాయన మీ ఊళ్లో ఉంటే వచ్చే సోమవారమే కబురు పంపండి.