బేరియం గ్లాసు - బేస్ రేటు

జపాన్ లో ఉద్యోగం చేసే నలభై దాటిన మనవాళ్ళని కదిపితే బేరియం కబుర్లు మొదలవుతాయి. ఆఫీసు హెల్త్ చెకప్ లో నేనూ తాగాను. రాత్రి నుంచి కడుపు ఖాళీగా ఉంచాలి. పొద్దున్నే గ్యాస్ పుట్టించే పొడి మింగించి, తేన్పు రాకుండా ఆపుకోమంటారు! ఆ పైన సున్నంనీళ్ళలాంటి బేరియం. ఇక బల్లని అటూ ఇటూ వంచుతూ మనల్ని దొర్లమంటారు. గ్యాస్ తో పొట్ట ఉబ్బుతుంది, బేరియం లోపలి గోడకి పూతలా అంటుకుంటుంది. గుంటో, బుడిపో ఉంటే ఎక్స్ రేలో తెలుస్తుంది.

ఇంత తతంగం ఎందుకంటే, అక్కడ దశాబ్దాలపాటు క్యాన్సర్ చావుల్లో మొదటి స్థానం కడుపు క్యాన్సర్ దే. 1960లో మియాగిలో ఎక్స్ రే వ్యాన్లు ఊళ్ళకెళ్ళాయి, 1983కి దేశమంతా చట్టబద్ధమైన కార్యక్రమమైంది. 2016లో పద్ధతి మార్చారు - యాభై దాటినవాళ్ళకి రెండేళ్ళకోసారి, ఎక్స్ రే లేదా ఎండోస్కోపీ.

అలాగని ఇక్కడ "ఫుల్ బాడీ ప్యాకేజీ"ల్లో కనిపించిన టెస్టుకల్లా టిక్ పెట్టేయాలా? నాకైతే అక్కర్లేదనిపిస్తుంది. మన దగ్గర హెలికోబాక్టర్ పైలోరీ బాక్టీరియా చాలామంది కడుపుల్లో ఉన్నా, మిజోరం లాంటి చోట్ల తప్పిస్తే ఈ క్యాన్సర్ జపాన్ కన్నా బాగా తక్కువ. అరుదైన ఎర్రర్ కి అలర్ట్ పెడితే ఏమవుతుందో మనకి తెలీనిదా? మోగేవన్నీ దాదాపు ఫాల్స్ అలారాలే. సర్వర్ అయితే మ్యూట్ చేస్తాం. మనిషికైతే ఎండోస్కోపీ, బయాప్సీ, ఆ రిపోర్టు వచ్చేదాకా ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు.

మనకి ఎక్కువగా వచ్చేవి వేరే. అందుకే కేంద్ర ప్రభుత్వం 2016 మార్గదర్శకాల్లో నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకి ముప్ఫై దాటాక స్క్రీనింగ్ చెయ్యమంది. నోటి పరీక్షకి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు, మంచి లైటూ, తెలిసినవాళ్ళ చూపూ చాలు. అయినా ప్యాకేజీ కొని ఊరికి పంపే మనలో ఎంతమందిమి "అమ్మా, ఆ పరీక్ష చేయించుకున్నావా?" అని అడిగాం? సిగ్గుతో అమ్మ చెప్పదు, మొహమాటంతో మనం అడగం.

ఒక్క మాట. స్క్రీనింగ్ అనేది ఏ ఇబ్బందీ లేనివాళ్ళకి. మల విసర్జన నల్లగా అవుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, అన్నం మింగుడు పడకపోయినా బేస్ రేటు లెక్కలు పక్కనపెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికెళ్ళండి. బాగానే ఉన్నారా? అయితే డబ్బు కట్టేముందు "ఈ జబ్బు మావాళ్ళలో ఎంతమందికి వస్తుంది?" అని అడగండి. ఆ తర్వాత అమ్మకి ఫోన్ చెయ్యండి.