నొప్పి, నొప్పులు

1987లో ఒక రాత్రి నేను పిట్స్‌బర్గ్ నుంచి విజయవాడకు ఫోన్ చేశాను. గడియారం చూస్తూ, బిల్లు ఎంతవుతుందో అనుకుంటూ గబగబా మాట్లాడే రోజులు అవి. "అమ్మా, నాకు నొప్పులు వస్తున్నాయి" అన్నాను. అటువైపు ఒక్క క్షణం ఏమీ వినిపించలేదు. తర్వాత అమ్మ గట్టిగా, "ఎన్నో నెలే? మాకు చెప్పనే లేదు!" అంది.

"నొప్పిగా ఉంది" అంటే మామూలు నొప్పి. "నొప్పులు వస్తున్నాయి" అంటే చాలామంది పురిటి నొప్పులు అనుకుంటారు. ఈ తేడా నాకు అప్పుడు తెలియదు. మీరు ఈ పొరపాటు చేయకండి.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. నడుములో డిస్క్ జారి నరాన్ని నొక్కుతోంది. ఆ నరం నడుము దగ్గర మొదలై, తొడ వెనక నుంచి పిక్క మీదుగా పాదం దాకా వెళ్తుంది. మన ఒంట్లో అన్నిటికంటే లావుపాటి నరం అదే. ఆ నొప్పిని సయాటికా అంటారు. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. నాకు మూడేళ్లు ఉంది. చలికాలంలో ఇప్పటికీ వచ్చి పలకరిస్తుంది.

క్లినిక్‌లో నాకు ఒక కాగితం ఇచ్చారు. మాంట్రియల్‌లో మెగిల్ యూనివర్సిటీలో పనిచేసిన రోనల్డ్ మెల్జాక్ తయారుచేసి, 1975లో ప్రచురించిన ప్రశ్నల పత్రం అది. నొప్పిని చెప్పే ఇంగ్లీషు మాటలు అందులో 78 ఉన్నాయి, 20 గుంపులుగా. నేను ఇంగ్లీషు మీడియంలో చదివాను కాబట్టి అన్నీ అర్థమయ్యాయి. షూటింగ్, బర్నింగ్, టింగ్లింగ్ అని టిక్కులు పెట్టాను. డాక్టరుకు చెప్పడానికి నాకు ఇన్ని మాటలు! అమ్మకు చెప్పడానికి మాత్రం ఒక్కటే. అదీ తప్పుగా.

అరవై దాటాక తెలుగు చదవడం నేర్చుకుంటూ ఆ మాటలు ఒక్కొక్కటీ నోటుబుక్‌లో రాసుకున్నాను. కరెంటు షాక్ కొట్టినట్టు ఒక్కసారిగా వస్తే "జివ్వుమంది". కారం రాసినట్టు ఉంటే "మంట". చీమలు పాకినట్టు ఉంటే "తిమ్మిరి". గిల్లినా తెలియకపోతే "మొద్దుబారింది". లోపల కొట్టుకుంటున్నట్టు ఉంటే "సలుపు". పట్టుకుని గుంజినట్టు ఉంటే "లాగుతోంది", "పీకుతోంది". "కాళ్లు తీపులు" అని కూడా అంటారు. ఆ తీపు స్వీటు కాదు!

ఆ రోజుల్లో డాక్టరు నాకు ఎమిట్రిప్టిలిన్ రాశారు. రాత్రి ఒక చిన్న మాత్ర. లైబ్రరీకి వెళ్లి చూస్తే, అది డిప్రెషన్‌కు ఇచ్చే మందు అని ఉంది. నాకు చాలా కోపం వచ్చింది. నొప్పి నా కాలిలో ఉంది, తలలో కాదు కదా! డాక్టరు నన్ను నమ్మలేదు అనుకున్నాను. సీసాను డ్రాయరులో పెట్టి, ఎనిమిది నెలలు ముట్టుకోలేదు. నొప్పి కబురు వెన్నుపాము గుండా మెదడుకు వెళ్తుంది. ఆ కబురును తగ్గించే రసాయనాలు మన ఒంట్లోనే ఉన్నాయి. ఈ మందు వాటిని ఎక్కువసేపు పనిచేయనిస్తుంది. అందుకే నరాల నొప్పికి తక్కువ మోతాదులో ఇస్తారు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. వేసుకున్నాక నొప్పి పోలేదు. కానీ నిద్ర పట్టింది. నిద్రపోయిన మనిషికి నొప్పి కొంచెం చిన్నదవుతుంది.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, మా గుడిలో ఒక అమ్మాయి ఉంది. పెన్ హిల్స్‌లో ఉన్న వేంకటేశ్వరస్వామి గుడి మాది. ఆదివారాలు నేను ప్రసాదం దగ్గర పనిచేస్తాను. ఆ అమ్మాయికి ఇరవై మూడేళ్లు, రెండేళ్లుగా కాలిలో నరాల నొప్పి. కుర్చీలో కూర్చుంటే, "ఈ వయసులో కుర్చీయా?" అంటారు పెద్దవాళ్లు. వాళ్లలో నా స్నేహితులు కూడా ఉన్నారు.

"చూడ్డానికి బాగానే ఉంటాను కదా ఆంటీ, అదే ప్రాబ్లం" అంది నాతో. తనకు డాక్టరు డ్యులాక్సెటీన్ రాశారట. డిప్రెషన్ మందు అని వాళ్లమ్మ వద్దన్నదట. నేను నా డ్రాయరు కథ చెప్పాను. "మందు మానడం, వేసుకోవడం డాక్టరుతో మాట్లాడి చెయ్యి తల్లీ. మీ అమ్మను కూడా తీసుకెళ్లు" అన్నాను. తర్వాత నా నోటుబుక్ ఇచ్చాను.

మర్నాడు తను తెనాలిలో ఉన్న అమ్మమ్మతో వీడియోలో మాట్లాడింది. ఎప్పుడూ "లెగ్ పెయిన్ అమ్మమ్మా" అనేది. అమ్మమ్మ "నూనె రాసుకో" అనేది. అక్కడితో అయిపోయేది. ఈసారి, "కాలు జివ్వుమంటోంది అమ్మమ్మా. రాత్రి మంట. పొద్దున తిమ్మిరి" అంది.

"ఏ కాలే? కూర్చుంటే ఎక్కువా, నడిస్తే ఎక్కువా?" అని అడిగిందట ఆవిడ.

"కూర్చుంటే. కింద కూర్చుంటే ఇంకా ఎక్కువ."

"మరి గుళ్లో కింద ఎందుకు కూర్చుంటావే పిచ్చిదానా? దేవుడేమీ అనుకోడు."

పై ఆదివారం నేను తెచ్చేలోపే తనే కుర్చీ తెచ్చుకుంది. నాకూ ఒకటి తెచ్చింది. ఇద్దరం కూర్చుని పులిహోర డబ్బాలకు మూతలు పెట్టాం.