ఇల్లు వెంటే ఉంది... ఎక్కడ ఆపాలి?

అమెరికాలో ఇంటిని బండి వెనక కట్టుకుని తిరగొచ్చు. వాళ్లు దాన్ని ట్రావెల్ ట్రెయిలర్ అంటారు. దానికి సొంత ఇంజిన్ ఉండదు. పికప్ ట్రక్కుకు తగిలించి లాక్కెళ్లాలి. లోపల మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, బుల్లి బాత్రూమ్... అన్నీ ఉంటాయి. 'ఇంకేం, హోటల్ బాధే లేదు' అనిపిస్తుంది. నిజమే కానీ, హోటల్లో అయితే తాళంచెవి చేతికిచ్చి మిగతావన్నీ వాళ్లే చూసుకుంటారు. ట్రెయిలర్‌తో వెళ్తే రాత్రికి జాగా, కరెంటు, నీళ్లు, మురుగు పోయే దారి- నాలుగూ మనమే వెతుక్కోవాలి. వాటి కోసమే క్యాంప్‌గ్రౌండ్లు ఉంటాయి. ప్రయాణం సుఖంగా సాగేదీ లేనిదీ వాటి ఎంపికలోనే తేలిపోతుంది.

మా అక్కావాళ్లుండేది ఒరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ దగ్గర. 2023 ఆగస్టులో అమ్మానాన్నల్ని తీసుకుని నేనూ వెళ్లాను. అక్క, బావ, వాళ్ల పాపతో కలిపి ఆరుగురం. 24 అడుగుల ట్రెయిలర్. పసిఫిక్ తీరం వెంట సాగే 101వ నంబరు హైవే మీద ప్రయాణం. ఒరెగాన్‌లో ఆ రోడ్డు 363 మైళ్లు, అంటే దాదాపు 584 కిలోమీటర్లు. ఒకపక్క సముద్రం, మరోపక్క కొండలూ అడవులూ.

ఆగస్టు ప్రయాణానికి ఎంపిక మొదలైంది ఫిబ్రవరిలోనే. అక్కడి స్టేట్ పార్కుల్లో ఆర్నెల్ల ముందు నుంచే బుకింగ్ తీసుకుంటారు. సంక్రాంతికి రైలు టిక్కెట్లలాగే, వేసవిలో మంచి జాగాలు కళ్లముందే అయిపోతాయి. అందుకని వాళ్లకి రాత్రి, మాకు పొద్దున అయిన వేళ వీడియో కాల్‌లో కుటుంబమంతా కూర్చున్నాం.

బావ ముందే ఓ చోటు చూసి పెట్టుకున్నాడు. కొండ అంచున, కింద అలలు. ఫొటో చూస్తే ఎవరైనా మనసు పారేసుకోవాల్సిందే. అందరం 'అబ్బ!' అన్నాం, నాన్న తప్ప. ఆయన కళ్లజోడు సవరించుకుని, "బాగుంది బాబూ. మూడు సంగతులు చెప్పండి. అక్కడ కరెంటు ఉంటుందా? బాత్రూమ్ ఎంత దూరం? నీళ్లు పైకొస్తే మేం ఎటు వెళ్లాలి?" అన్నారు.

మొదటి రెండు ప్రశ్నలకూ కారణం అందరికీ తెలుసు. నాన్నకి నిద్రలో ఊపిరి ఆగుతుంటుంది. రాత్రంతా ముక్కుకు మాస్కు పెట్టుకుని చిన్న యంత్రం నడపాలి. పైగా రెండుమూడుసార్లు లేవాలి.

మూడో ప్రశ్నకి మాత్రం కాసేపు ఎవరూ మాట్లాడలేదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచేసినప్పుడు నాన్నకి పాతికేళ్లు. ఉద్యోగం అవనిగడ్డలో. తర్వాత నెల్లాళ్లపాటు సహాయ పనుల్లో తిరిగారట. ఏం చూశారో మాకెప్పుడూ చెప్పలేదు. మా చిన్నప్పుడు మంగినపూడి బీచ్‌కి తీసుకెళ్లినా పొద్దుగూకేలోపు బండెక్కించేసేవారు. సముద్రం పక్కన పడుకోవడమన్నది మా ఇంట్లో ఎప్పుడూ లేదు.

"మావయ్యగారూ, అక్కడ తుపాన్లు రావండీ" అన్నాడు బావ. ఆ మాట అన్నాడే గానీ, ఊరుకోలేక వెతికాడు. రెండు రోజుల తర్వాత మళ్లీ ఫోన్ చేశాడు. ఆ తీరానికి ఎదురుగా సముద్రం అడుగున భూఫలకాలు కలిసే చోటు ఉంది. 1700 జనవరి 26న అక్కడ తొమ్మిది తీవ్రతతో భూకంపం వచ్చింది. ఆ సునామీ జపాన్ దాకా వెళ్లింది. మళ్లీ ఎప్పుడైనా రావచ్చని ఒరెగాన్ ప్రభుత్వం ఊరూరికీ మ్యాపులు తయారుచేసింది. ఏ రోడ్డున ఏ మెరక మీదికి చేరుకోవాలో చెప్పే బోర్డులు తీరమంతా కనిపిస్తాయి. "మీరడిగిన ప్రశ్నే ఇక్కడి ప్రభుత్వం కూడా వేసుకుందండీ" అన్నాడు. నాన్న నవ్వలేదు. "2004లో మన ఒడ్డునా చూశాం కదా బాబూ" అన్నారంతే.

అప్పటినుంచీ మా ఎంపిక పద్ధతే మారిపోయింది. ముందు ఫొటో చూడ్డం మానేసి, ముందు అవసరాలు రాసుకున్నాం.

మొదటిది కరెంటు. అక్కడ దీన్ని హుకప్ అంటారు. మన జాగా దగ్గరే స్తంభం ఉంటుంది. ట్రెయిలర్ వైరును అందులో గుచ్చుకోవడమే. మామూలుగా 30 లేదా 50 ఆంప్‌లు. ఇది లేని చోట్ల జనరేటర్ పెట్టుకోవచ్చు కానీ, రాత్రి పదింటి తర్వాత చప్పుడు కూడదు. నాన్న యంత్రానికి పని మొదలయ్యేదే అప్పుడు! దాంతో కొండ అంచు జాగా జాబితాలోంచి ఎగిరిపోయింది.

రెండోది మురుగు. ట్రెయిలర్‌లో గిన్నెలు కడిగిన నీళ్లూ, స్నానాల నీళ్లూ ఒక ట్యాంకులోకి, మరుగుదొడ్డివి ఇంకో ట్యాంకులోకి వెళ్తాయి. బియ్యం రెండుసార్లు కడిగి, పప్పూ పులుసూ వండుకునే ఇంట్లో మొదటి ట్యాంకు ఎంత తొందరగా నిండుతుందో చెప్పక్కర్లేదు. నీళ్లు, కరెంటుతోపాటు మురుగు గొట్టం కూడా ఉంటే 'ఫుల్ హుకప్' అంటారు. అది లేకపోతే వెళ్లేటప్పుడు డంప్ స్టేషన్ దగ్గర ఖాళీ చేసుకోవాలి. మేం ఫుల్ హుకప్ దొరికిన చోటే తీసుకున్నాం. ఇక తాలింపు సంగతి. లోపల ఎండుమిరపకాయ వేగితే పొగ అలారం అరిచి గోల చేస్తుంది. స్టేట్ పార్కుల్లో ప్రతి జాగాలోనూ ఓ బల్ల ఉంటుంది కాబట్టి అమ్మ వంటిల్లు ఆరుబయటికి మారింది.

మూడోది పొడవు. ట్రెయిలర్, దాన్ని లాగే బండి కలిపి జాగాలో పట్టాలి. వెనక్కి నడిపి పెట్టడం కొత్తవాళ్లకి కష్టం. ఒకవైపు నుంచి వెళ్లి మరోవైపు నుంచి బయటికి వచ్చేసే జాగాలు కొన్ని ఉంటాయి. అవి దొరికితే అదృష్టం. దొరకని చోట నాన్న వెనక నిలబడి ఆర్టీసీ కండక్టర్లా "రైట్... రైట్... హోల్డాన్!" అంటుంటే బావ చెమటలు కక్కాడు.

నాలుగోది గాలి. ఆ తీరంలో వేసవి మధ్యాహ్నాలు వాయవ్యం నుంచి ఈడ్చి కొడుతుంది. అంచున నిలిపితే ట్రెయిలర్ ఊగుతుంది. చెట్ల చాటున హాయి.

ఇలా జల్లెడ పట్టగా మూడు మిగిలాయి. ఉత్తరాన ఫోర్ట్ స్టీవెన్స్. అక్కడి ఒడ్డున 1906లో ఇసుకలో చిక్కుకుపోయిన పీటర్ ఐరెడేల్ ఓడ ఇనుప అస్థిపంజరం ఇప్పటికీ ఉంది. క్యాంప్‌గ్రౌండ్ మాత్రం లోపలికి, చెట్లమధ్య. నడుమ న్యూపోర్ట్ ఊరికి దగ్గర్లో బెవర్లీ బీచ్. హైవే వంతెన కిందినుంచి నడిస్తే నేరుగా ఒడ్డుకే. రోడ్డు దాటే పనిలేదు. దక్షిణాన ఫ్లోరెన్స్ దగ్గర హనీమన్. మంచినీటి సరస్సులు, వాటి పక్కనే ఇసుక కొండలు. సముద్రం వాటి అవతల.

'సముద్రయాత్ర అని చెప్పి సముద్రం కనపడని చోట పడుకోవడమేంటి?' అని పాప అలిగింది. దానికి జవాబు ఒరెగాన్ చట్టంలోనే దొరికింది. 1967లో తెచ్చిన బీచ్ బిల్లుతో అక్కడి తీరమంతా జనానిదే. ఏ హోటలూ, ఏ ఇంటి యజమానీ ఇసుక మీదికి రావద్దనడానికి లేదు. అందుకని దృశ్యం కోసం అంచునే డేరా వేయాల్సిన పనిలేదు. పడక చెట్ల చాటున, షికారు ఒడ్డు మీద.

బెవర్లీ బీచ్ చేరిన సాయంత్రం నాన్న ముందు చూసింది సముద్రాన్ని కాదు, సునామీ బోర్డుని. బాణం గుర్తు చూపిన దారిలో గడియారం చూసుకుంటూ మెరక దాకా నడిచి వచ్చారు. బావ ఏమీ మాట్లాడకుండా ఆయన పక్కనే నడిచాడు. పాప వాళ్ల వెనక. తిరిగొచ్చి, "నా నడకకి సరిపోతుంది" అన్నారు. ఆ తర్వాతే ఒడ్డుకు వచ్చారు. ఆ నీళ్లు ఆగస్టులోనూ మంచులా ఉంటాయి. పాదాలు తడుపుకుని, పొద్దుగూకినా లేవలేదు. చీకటి పడేదాకా ఇసుకలో కూర్చున్న మా నాన్నని నేను చూడ్డం అదే మొదటిసారి.

మీ పిల్లలు అలాంటి ప్రయాణం తలపెడితే, ఫొటోలు చూసే ముందు ఒక కాగితం తీసుకోండి. ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారెవరో, రాత్రిళ్లు ఎక్కువసార్లు లేచేవారెవరో వాళ్ల పేరు పైన రాసి, వాళ్ల అవసరాలు కింద రాయండి. ఆ కాగితానికి సరిపోయిన చోటు మిగతా అందరికీ సరిపోతుంది. ఈత చెట్టంత ఎత్తు అలని చూసే ఉత్సాహం ఉన్నవాళ్లు నాలుగడుగులు వేసి చూసొస్తారు.

మళ్లీ వెళ్లాలని అక్కావాళ్లు ఇప్పుడు అనుకుంటున్నారు. ఈసారి ప్రశ్నల జాబితా నాన్నే రాసి పంపారు. కరెంటు, బాత్రూమ్, మెరక దారి... మూడూ అలాగే ఉన్నాయి. కింద నాలుగోది కొత్తగా చేరింది: 'అలల చప్పుడు వినపడుతుందా?'