పిలిస్తే వచ్చే చక్రం

బొంగరానికి, యోయోకు దగ్గరి చుట్టరికం ఉంది. రెండూ దారంతో ప్రాణం పోసుకొనేవే. రెండూ తిరుగుతున్నంతసేపే శోభించేవే. అయితే బొంగరం తాడును వదిలి నేలమీదికి దూకి స్వతంత్రంగా తిరుగుతుంది. యోయో మాత్రం ఆడేవారి వేలిని విడువదు. కిందికి జారుతుంది, దారం చివర కొంతసేపు తిరుగుతూ నిలుస్తుంది, పిలిస్తే పైకి వస్తుంది. ఏటికొప్పాక కళాకారులు అంకుడు కర్రతో చేసి లక్కరంగులద్దిన బొంగరాలతో బాల్యం గడిపిన నాకు, యాభైయేళ్లు దాటిన తరువాత ఈ చుట్టంతో పరిచయమైంది.

ఈ ఆటవస్తువు చరిత్ర చాలా పాతది. క్రీ.పూ. 5వ శతాబ్దపు గ్రీకు పాత్ర ఒకదానిపై ఇటువంటి చక్రంతో ఆడుతున్న బాలుని చిత్రం కనిపిస్తుంది. ఆధునిక కాలంలో దీనికి ప్రచారం తెచ్చినవారిలో ముఖ్యుడు ఫిలిప్పీన్స్ నుంచి అమెరికాకు వెళ్లిన పెడ్రో ఫ్లోరెస్. ఆయన 1928లో కాలిఫోర్నియాలో యోయోలు తయారుచేసే సంస్థను నెలకొల్పాడు. ఆ యోయోలలో దారాన్ని ఇరుసుకు బిగించి ముడివేయరు. ఇరుసు చుట్టూ వదులుగా తగిలిస్తారు. అందువలన చక్రం దారం చివర ఆగి తిరుగగలదు. ఆటగాళ్లు దీనిని 'నిద్ర' అంటారు. 1985 ఏప్రిల్‌లో డిస్కవరీ అంతరిక్షనౌకలో వ్యోమగాములు యోయో ఆడి చూశారు. అక్కడ చక్రాన్ని దారం చివర పట్టి ఉంచే బరువు లేకపోవడంతో అది నిద్రపోకుండా వెంటనే వెనుదిరిగింది.

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్న నా మేనకోడలికి ఆమె అన్న విదేశం నుంచి ఒక లోహపు యోయో తెచ్చి ఇచ్చాడు. అది మిలమిల మెరిసే ఖరీదైన వస్తువు. వారం రోజులు ఆమె దానితో కుస్తీ పట్టింది. విసిరితే అది దారం చివర హాయిగా తిరిగేదే తప్ప, ఎంత లాగినా పైకి వచ్చేది కాదు. చివరికి దానిని బల్లమీద పెట్టి, "నా చేతికి ఏ విద్యా అబ్బదు మామయ్యా!" అంది. ఆ మాటలో యోయో ఒక్కటే లేదు. అంతకుముందు మానివేసిన వీణపాఠాలు, లెక్కల పరీక్షలో తగ్గిన మార్కులు కూడా ఉన్నాయి. ఆటవస్తువును పక్కన పెట్టవచ్చు. తనను తాను పక్కన పెట్టుకొనే మనిషిని చూస్తే మాత్రం భయం వేస్తుంది.

యోయోల సంగతి నేను విచారించి తెలిసికొన్నాను. అవి స్థూలంగా రెండు రకాలు. మొదటి రకంలో రెండు బిళ్లల మధ్య సందు ఇరుకుగా ఉంటుంది. చేతిని కొద్దిగా పైకి కదిపితే వదులైన దారం లోపలి గరుకుతలానికి తగిలి పట్టుకొంటుంది. చక్రం దారాన్ని చుట్టుకొంటూ చేతికి వస్తుంది. రెండవ రకంలో సందు వెడల్పుగా ఉంటుంది, బేరింగ్ మిక్కిలి నునుపుగా తిరుగుతుంది. అది లాగితే రాదు. దారాన్ని మడతగా మలచి సందులోకి పంపితేనే వస్తుంది. ఈ ప్రక్రియను 'బైండ్' అంటారు. దారంపై చక్రాన్ని నిలిపి క్లిష్టమైన విన్యాసాలు చేసే నేర్పరుల కోసం రూపొందిన రకమిది. మా అమ్మాయికి కానుకగా వచ్చింది ఇదే. వస్తువులో లోపం లేదు, ఆమె చేతిలోనూ లోపం లేదు. ఆ రెండూ కలుసుకోవలసిన కాలం ఇంకా రాలేదు, అంతే.

మొదటి రకానికి చెందిన చవకైన ప్లాస్టిక్ యోయోను ఆమె చేతిలో పెట్టాను. మూడవనాటికి అది పిలిస్తే వచ్చింది. ఆమె ముఖంలో వెలుగు చూసి నేనూ ఒకటి కొనుక్కొన్నాను. కొన్ని నెలల తరువాత ఆమె లోహపు యోయోను మళ్లీ చేతిలోకి తీసుకొని, నాకు ఇప్పటికీ సరిగా పట్టుబడని బైండ్‌ను అలవోకగా చేసి చూపింది.

కొత్తగా నేర్చుకొనేవారు ధరను గాక, తిరిగి వచ్చే గుణాన్ని చూసి యోయోను ఎంచుకోవాలి. చేతికి ఇమిడే పరిమాణం, 60 నుంచి 70 గ్రాముల బరువు సాధారణంగా అనుకూలం. బరువు అంచుల వైపు ఎక్కువగా ఉంటే జడత్వ భ్రామకం పెరిగి చక్రం ఎక్కువసేపు తిరుగుతుంది. భౌతికశాస్త్ర తరగతిలో వినే ఆ మాటను ఇక్కడ చేతితో తెలిసికోవచ్చు. యోయోను నేలపై ఆనించి దారాన్ని నిటారుగా పట్టి, బొడ్డు ఎత్తున కత్తిరించి ఉచ్చు వేసుకొంటే పొడవు సరిపోతుంది.

ఎంచుకోవడం ఒక్కనాటి పని, కాపాడుకోవడం నిత్యకృత్యం. ఆడుతూంటే దారంలోని పురి పెరగడమో, సడలడమో జరుగుతుంది. అప్పుడు ఉచ్చును వేలి నుంచి తీసి, యోయోను వేలాడదీసి, దానంతటదే తిరిగి నిలిచేవరకు ఓపిక పట్టాలి. పోగులు లేచిన దారాన్ని ఉపేక్షించరాదు. విసిరిన క్షణాన అది తెగితే లోహపు చక్రం అద్దాన్నైనా, ఎదుటివారి కంటినైనా గాయపరచగలదు. ఆడేముందు తలపైని ఫ్యానును, పక్కనున్న పిల్లలను చూసుకోవడం కూడా ఆటలో భాగమే. దుమ్ము, దారపు నూలు చేరితే బేరింగ్ గరగరలాడుతుంది. దానిని శుభ్రంచేసి, పూర్తిగా ఆరనిచ్చి, కుట్టుమిషనుకు వాడే పలుచని నూనె ఒక్క చుక్క వేస్తే చాలు. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె పోయరాదు. అది చలికాలంలో గడ్డకట్టి చక్రాన్ని బంధిస్తుంది.

విద్యలన్నింటికీ ఇటువంటి మెట్లే ఉంటాయి. పై మెట్టుకు తగిన సాధనాన్ని మొదటి మెట్టు మీద పట్టుకొని, అది లొంగలేదని తమను తాము నిందించుకొనేవారు ఎందరో! నేర్పరుల చేతిలోని వస్తువును చూసి మురిసిపోవడంలో తప్పులేదు. కానీ మొదట కావలసింది మన తప్పులను మన్నించే వస్తువు. దానితో చేయి కుదురుకొన్నాక మిగిలినవి ఒకటొకటిగా దరిచేరుతాయి. 'నాకు రాదు' అనే ముందు, 'ఇది నా ఇప్పటి మెట్టుకు తగినదేనా?' అని ఒక్కసారి ప్రశ్నించుకోవడం మంచిది. ఆ ప్రశ్న వేసుకొన్నవారు విద్యకు దూరం కారు.